బెర్లిన్‌లో 60,000 యూరోల జీతంతో ముగ్గురు బతకొచ్చా? లెక్కంతా అద్దె ఒప్పందంలోనే ఉంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు, బెర్లిన్ నుంచి ఏడాదికి 60,000 యూరోల ఆఫర్ వచ్చింది, మీ ఆవిడకు అక్కడ వెంటనే ఉద్యోగం దొరక్కపోవచ్చు, పాపకు మూడేళ్లు. నెలాఖరుకు ఏమైనా మిగులుతుందా, వచ్చింది వచ్చినట్టే అయిపోతుందా? మిగులుతుంది. అయితే ఎంత అన్నది బియ్యం ధర బట్టో, బస్సు టికెట్టు బట్టో తేలేది కాదు. మీరు ఏ రకం అద్దె ఒప్పందం మీద సంతకం పెడతారో దాన్ని బట్టి తేలుతుంది. మిగతా ఖర్చుల్లో ఎంత పొదుపు చేసినా ఆ ఒక్క కాగితం తెచ్చే తేడాకు సరిరాదు. అందుకే కింద సగం జవాబు ఇంటి గురించే ఉంటుంది.

ముందు చేతికొచ్చేది చూద్దాం. 60,000 అంటే నెలకు 5,000. ఇందులోంచి పింఛనుకు 9.3 శాతం, నిరుద్యోగ బీమాకు 1.3, ఆరోగ్య బీమాకు సుమారు 8.75, వృద్ధాప్య సంరక్షణ బీమాకు 1.8 శాతం ముందే కోస్తారు. పిల్లలు లేనివాళ్లకు ఈ చివరిది 2.4 శాతం. కాబట్టి పాప జనన ధ్రువపత్రం మొదటి రోజే హెచ్ఆర్ చేతిలో పెట్టండి. తర్వాత ఆదాయపు పన్ను. కుటుంబ స్థితిని బట్టి ఎంత కోయాలో పన్ను తరగతి చెబుతుంది. మీరొక్కరే ముందు వెళ్తే పన్ను తరగతి 1, చేతికి సుమారు 3,100 యూరోలు. మీ ఆవిడ కూడా వచ్చి చిరునామా నమోదు చేయించుకున్నాక మీకు 3, ఆవిడకు 5 కావాలని ఫినాన్స్‌ఆమ్ట్‌లో, అంటే పన్ను కార్యాలయంలో దరఖాస్తు పెడితే సుమారు 3,500. అడగకపోతే ఇద్దరికీ 4 వేసి వదిలేస్తారు, అంటే దాదాపు తరగతి 1 జీతమే. అలా ఎక్కువ కట్టిన పన్ను ఏడాది చివర ఉమ్మడి రిటర్న్‌లో తిరిగొస్తుంది కాబట్టి పోదు, కానీ నెలనెలా చేతిలో డబ్బు ఆడదు. 3/5 తీసుకున్నవాళ్లు రిటర్న్ వేయడం తప్పనిసరి అని మాత్రం గుర్తుంచుకోండి.

చిరునామా నమోదు, అంటే అన్‌మెల్డుంగ్ ఫారంలో మతం అనే గడి ఒకటుంటుంది. మనవాళ్లలో క్రైస్తవ కుటుంబాలవాళ్లు సహజంగానే ప్రొటెస్టెంట్ అనో, కాథలిక్ అనో రాసేస్తారు. అక్కడ అది చర్చి పన్నుకు దారి తీస్తుంది. బెర్లిన్‌లో అది ఆదాయపు పన్నులో 9 శాతం. మీ జీతానికి తరగతి 1లో ఏడాదికి కొన్ని వందల యూరోలవుతుంది. కట్టాలనుకుని కడితే అది వేరే విషయం. అదేంటో తెలియక పడితే మాత్రం బయటపడటానికి కోర్టు కార్యాలయానికి వెళ్లి చర్చి సభ్యత్వం వదులుకుంటున్నట్టు రాసివ్వాలి.

పాపకు నెలకు 259 యూరోల కిండర్‌గెల్డ్, అంటే పిల్లల భత్యం వస్తుంది, 2026 రేటు ఇది. బ్లూ కార్డు అనే ఉద్యోగ నివాస అనుమతి ఉన్నవాళ్లకూ హక్కుంది. ఆలస్యంగా పెడితే వెనక్కి ఆరు నెలలకే ఇస్తారు, కనుక పాప టాక్స్ నంబరు రాగానే దరఖాస్తు పంపేయండి. ఆరోగ్య బీమా విషయంలో మీకు ఎంపిక లేదు, ఉండకపోవడమే మేలు. ఈ జీతానికి ప్రభుత్వ బీమాయే. భార్యకు ఆదాయం లేకపోతే ఆవిడా పాపా మీ బీమాలోనే అదనపు పైసా లేకుండా చేరతారు.

ఇప్పుడు ఇల్లు. బెర్లిన్‌లో రెండు ఊళ్లు ఉన్నాయనుకోండి. ఒకటి పాత ఒప్పందాల ఊరు. నగరం ప్రకటించే అధికారిక అద్దె సూచికలో 2024 సగటు చదరపు మీటరుకు 7.21 యూరోలు. రెండోది కొత్తగా వచ్చినవాళ్ల ఊరు. ఇప్పుడు ప్రకటనల్లో కనిపించే రేటు మామూలు పేటల్లోనే 15 నుంచి 20. ఒకే మెట్ల మీద ఎదురెదురు ఇళ్లలో ఒకరు 500, ఇంకొకరు 1,100 కట్టడం అక్కడ వింతేమీ కాదు. "మా బాబాయి కొడుకు 650కే ఉంటున్నాడు" అని ఎవరైనా అంటే అతను ఏ సంవత్సరం సంతకం పెట్టాడో అడగండి. పదేళ్ల కిందటి ఒప్పందం మీద మీ బడ్జెట్ వేసుకోకండి.

ప్రకటన చదవడం నేర్చుకోవాలి. గదుల లెక్కలో వంటిల్లు, బాత్‌రూమ్ రావు, హాలు వస్తుంది. 2 గదుల ఇల్లు అంటే మన వన్ బీహెచ్‌కే, 3 గదులంటే టూ బీహెచ్‌కే. కాల్ట్‌మీటె అంటే ఉత్త అద్దె. దాని మీద నెబెన్‌కోస్టెన్, అంటే నీళ్లు, చెత్త, మెట్ల శుభ్రం, ఆస్తి పన్ను వంటివి, వాటితోపాటు హీటింగ్ కలిపితే వార్మ్‌మీటె. కరెంటు, ఇంటర్నెట్ ఎప్పుడూ వేరే. ఇక్కడే చాలామంది పడతారు. కొన్ని పాత ఇళ్లలో గోడకు గ్యాస్ బాయిలర్ ఉంటుంది. అలాంటిచోట గ్యాస్ కంపెనీతో మీరే ఒప్పందం చేసుకోవాలి, హీటింగ్ ఖర్చు ఆ ప్రకటనలోని అద్దెలో ఉండదు. చూడ్డానికి చవగ్గా కనిపించిన ఇల్లు చలికాలం వచ్చేసరికి నెలకు వంద యూరోలకు పైగా పైకి లేస్తుంది. ఇల్లు చూసేటప్పుడు హీటింగ్ ఎవరి ఖాతాలో అని సూటిగా అడగండి.

మీ ముగ్గురికి 60 చదరపు మీటర్లకు కాస్త అటూ ఇటూ, ఫర్నిచర్ లేని 2 గదుల ఇల్లు లెక్కలోకి తీసుకోండి. లిచ్టెన్‌బెర్గ్, మార్ట్సాన్, స్పాండావ్, రైనికెన్‌డోర్ఫ్ వైపు వెతికితే కాల్ట్ 950 నుంచి 1,150, వార్మ్ 1,250 నుంచి 1,450 మధ్యలో పడొచ్చు. మిట్టె, ప్రెంజ్‌లావర్ బెర్గ్ లాంటి నడిబొడ్డు పేటలంటే అక్కడితో ఆగదు. అదే ఇల్లు మంచం, సోఫా పెట్టి "ఫర్నిష్డ్, తాత్కాలికం" అని ఇస్తే 1,800 నుంచి 2,200 అడుగుతారు. ఇది ఫర్నిచర్ ధర కాదు. బెర్లిన్‌లో అద్దె కట్టడి చట్టం ఉంది: కొత్త ఒప్పందంలో అద్దె ఆ ప్రాంత సూచిక కన్నా 10 శాతానికి మించకూడదు. 2014 అక్టోబరు తర్వాత మొదటిసారి అద్దెకిచ్చిన కొత్త భవనాలకూ, తాత్కాలిక అవసరం కోసం ఇచ్చే ఇళ్లకూ అది వర్తించదు. ఆ సందులోంచే ఫర్నిష్డ్ మార్కెట్ అంతా నడుస్తోంది.

మొదటి మూడు నెలలు ఫర్నిష్డ్ తప్పదు, హైదరాబాద్‌లో కూర్చుని మామూలు ఒప్పందం దొరకదు. తీసుకునేటప్పుడు రెండు విషయాలు చూడండి. అక్కడ అన్‌మెల్డుంగ్‌కు ఒప్పుకుంటారా, యజమాని సంతకం పెట్టిన నివాస ధ్రువీకరణ కాగితం ఇస్తారా? ఇవ్వకపోతే టాక్స్ నంబరు రాదు. నంబరు లేకుండా జీతం మొదలై అలాగే సాగితే అన్నిటికన్నా ఎక్కువ కోత ఉండే తరగతి 6 కింద పన్ను కోస్తారు. ఇంట్లో చేరిన రెండు వారాల్లో నమోదు చేయాలన్నది చట్టం, కానీ నమోదు చేసే కార్యాలయం బ్యూర్గర్‌ఆమ్ట్‌లో స్లాట్లు తేలిగ్గా దొరకవు. పొద్దున్నే సైటు తెరిచి నగరం మొత్తానికి వెతకండి, మీ పేటలోనే చేయించాలన్న నియమం లేదు. ఇంకోటి: ఇల్లు చూడకుండా డిపాజిట్ పంపమనేవాడు, తాళాలు కొరియర్‌లో వస్తాయనేవాడు నూటికి నూరుపాళ్లు మోసగాడే.

అసలు ఇంటి కోసం ఇమ్మోబిలియెన్‌స్కౌట్24, క్లైన్‌అన్‌త్సైగెన్ సైట్లు అందరూ చూస్తారు. వాటితోపాటు నగర ప్రభుత్వ గృహ సంస్థలు ఉన్నాయి: డెగెవో, గెవోబాగ్, గెజోబావ్, హోవోగె, స్టాట్ ఉంట్ లాంట్, డబ్ల్యూబీఎం. వాటి ఖాళీలన్నీ ఇన్‌బెర్లిన్‌వోనెన్ అనే ఒకే పోర్టల్‌లో వస్తాయి, అద్దెలు మార్కెట్ కన్నా బాగా తక్కువ. కొన్నింటికి డబ్ల్యూబీఎస్ అనే అర్హత పత్రం కావాలి. అది పేదలకు మాత్రమే అనుకుని చాలామంది ఆ వైపే చూడరు. బెర్లిన్‌లో దానికి ఆదాయాన్ని బట్టి శ్రేణులు ఉన్నాయి. స్థూల జీతంలోంచి పన్ను, ఆరోగ్య బీమా, పింఛనుకు పదేసి శాతం తీసేసి చూస్తారు కాబట్టి ఒకరే సంపాదించే ముగ్గురి కుటుంబం 60,000 జీతంతోనూ డబ్ల్యూబీఎస్ 220 అనే పై శ్రేణిలోకి రావచ్చు. కుటుంబమంతా వచ్చి, ఏడాదికి తగ్గని నివాస అనుమతి చేతికొచ్చాక దరఖాస్తు పెట్టండి.

దరఖాస్తు ఫైలు ఒకే పీడీఎఫ్‌గా ఫోన్‌లో ఉండాలి: పాస్‌పోర్టులు, నివాస అనుమతి, ఉద్యోగ ఒప్పందం, చివరి మూడు జీతం స్లిప్పులు, షూఫా అనే క్రెడిట్ నివేదిక, ఇంతకుముందు ఉన్న ఇంటి యజమాని నుంచి అద్దె బాకీ లేదన్న కాగితం. చేతికొచ్చే జీతం కాల్ట్ అద్దెకు మూడు రెట్లుండాలన్నది వాళ్ల మామూలు కొలత. 3,500కు 1,150 సరిగ్గా అంచున పడుతుంది. తరగతి 1 స్లిప్పు 3,100 చూపిస్తే అదే ఇంటికి తిరస్కారం రావచ్చు, కాబట్టి తరగతి మార్పు ముందే చేయించుకోవడం ఇక్కడా పనికొస్తుంది.

ఒప్పందంలో చూడాల్సిన పదాలు రెండు. స్టాఫెల్‌మీటె ఉంటే ఏటా ఎంత పెరుగుతుందో అంకెలతో రాసి ఉంటుంది. ఇండెక్స్‌మీటె ఉంటే ద్రవ్యోల్బణంతోపాటు పెరుగుతుంది, 2022లో ఇలాంటి ఒప్పందాలవాళ్లే గట్టిగా దెబ్బతిన్నారు. ఈ రెండూ లేని ఒప్పందమైతే బెర్లిన్‌లో మూడేళ్లలో 15 శాతానికి మించి పెంచలేరు, అదీ సూచికను దాటకూడదు. అద్దె కట్టడికి మించి ఉందని అనుమానమొస్తే సంతకానికి ముందు వాదన పెట్టుకోకండి, ఇల్లు పోతుంది. సంతకం పెట్టి, చేరి, నగరం వెబ్‌సైట్‌లోని సూచిక లెక్కలో చూసుకుని, అద్దెదారుల సంఘం మీటర్‌ఫెరైన్‌లో సభ్యులై వాళ్ల ద్వారా రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి. చేరిన 30 నెలల్లోపు పంపితే మొదటి నెల నుంచి ఎక్కువ కట్టింది తిరిగి రాబట్టుకోవచ్చు. ఇలా చేసినందుకు ఖాళీ చేయించలేరు.

డిపాజిట్ మూడు నెలల కాల్ట్ అద్దెకు మించకూడదు. మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టమే ఇచ్చింది, అడగడానికి మొహమాటపడకండి. బ్రోకరును పెట్టుకున్నది యజమాని అయితే అతని ఫీజు మీరు కట్టక్కర్లేదు, 2015 నుంచి ఇదే నియమం. తాళాలు తీసుకునే రోజు ప్రతి గదీ, నేల మీద గీతలూ, కిటికీ హ్యాండిళ్లూ, మీటర్ల అంకెలూ ఫొటో తీసి అప్పగింత కాగితంలో రాయించండి.

మనవాళ్ల డిపాజిట్ ఎక్కువగా పోయేది బూజు వల్ల. చలికాలంలో బట్టలు గదిలోనే ఆరేస్తాం, పప్పు గంటసేపు ఉడుకుతుంది, చలని కిటికీ మూసే ఉంచుతాం. ఆ ఆవిరంతా బయటి గోడ మూలల్లో, బీరువా వెనకాల నీరై, రెండు వారాల్లో నల్లమచ్చలు పడతాయి. కిటికీని కొంచెంగా వాల్చి రోజంతా వదిలేస్తే గోడ చల్లబడి ఇంకా పాడవుతుంది. పొద్దున, వంట అయ్యాక, పడుకునే ముందు, హీటర్ ఆపి కిటికీలు పూర్తిగా తెరిచి అయిదు నుంచి పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి. హీటర్ మరలో 3 దగ్గర పెడితే గది సుమారు 20 డిగ్రీలుంటుంది. 5 పెడితే తొందరగా వేడెక్కుతుందనుకోవడం పొరపాటు, ఆగే చోటే మారుతుంది. బీరువాను బయటి గోడకు ఆనించకుండా జానెడు దూరం పెట్టండి.

ఏడాదికోసారి నెబెన్‌కోస్టెన్ లెక్క వస్తుంది. నెలనెలా కట్టేది ముందస్తు మాత్రమే. ఇల్లు చవగ్గా కనిపించాలని ఆ ముందస్తును తక్కువ పెట్టే యజమానులుంటారు, అప్పుడు ఒకేసారి 500, 800 కట్టమని ఉత్తరం వస్తుంది. ఆ ఏడాది ముగిసిన 12 నెలల్లోపు లెక్క పంపకపోతే అదనంగా అడిగే హక్కు వాళ్లకు పోతుంది. లెక్క చేతికొచ్చాక అభ్యంతరం చెప్పడానికి మీకూ 12 నెలలు. ఖాళీ చేయాలంటే మూడు నెలల నోటీసు, నెల మూడో పనిదినంలోపు, చేతి సంతకంతో కాగితం మీద. ఈమెయిల్ చెల్లదు. ఇది తెలియక ఒక నెల రెండు ఇళ్లకూ అద్దె కట్టేవాళ్లు చాలామంది.

మిగతా ఖర్చులు త్వరగా చెప్పేస్తాను. కరెంటు 60 నుంచి 70. ఇంట్లో చేరగానే మీరేమీ చేయకపోయినా స్థానిక మూల సరఫరాదారు దగ్గర ఖరీదైన పథకంలో ఉంటారు. దాన్ని రెండు వారాల నోటీసుతో వదిలి పోలిక సైటు నుంచి వేరేది తీసుకోవచ్చు. ఇంటర్నెట్ 35 నుంచి 40. రేడియో, టీవీ రుసుము ఇంటికి నెలకు 18.36, టీవీ లేకపోయినా కట్టాల్సిందే. ఉత్తరాలు చెత్తబుట్టలో వేస్తే చేరిన తేదీ నుంచి లెక్కకట్టి వసూలు చేస్తారు. దేశమంతటా బస్సుల్లో, లోకల్ రైళ్లలో చెల్లే నెల పాసు డాయిష్‌లాండ్‌టికెట్ 2026 నుంచి నెలకు 63, ఇద్దరికి 126. ఆపాలంటే 10వ తేదీలోపు చెప్పాలి. పాపకు ఆరేళ్లు వచ్చేవరకు ప్రయాణం ఉచితం, బడికెళ్లాక నగరంలో విద్యార్థి పాసూ ఉచితమే. విడి టికెట్టు కొంటే ముద్ర వేయించడం మరవకండి, వేయించకపోతే టికెట్టు చేతిలో ఉన్నా 60 యూరోల జరిమానా.

ముగ్గురి తిండికి 450 నుంచి 550. పాలు, పెరుగు, గుడ్లు, బంగాళాదుంపలు, ఉల్లి ఆల్డి, లిడ్ల్ లాంటి చవక సూపర్‌మార్కెట్లలో. బెండకాయ, వంకాయ, కొత్తిమీర, పుదీనా కట్టలు నోయ్‌కోల్న్ పేటలోని టర్కిష్ దుకాణాల్లో. మంగళ, శుక్రవారాల్లో మైబాఖ్‌ఊఫర్ కాలువ గట్టున సంత ఉంటుంది, సాయంత్రం మూసేముందు వెళ్తే పెట్టెలకు పెట్టెలు ఒకటి రెండు యూరోలకే ఇచ్చేస్తారు. సోనా మసూరి, కందిపప్పు, చింతపండు ఇండియన్ దుకాణాల్లో పది కిలోల సంచుల లెక్కన తెచ్చుకోండి. ములక్కాడ, కరివేపాకు మాత్రం బంగారమే. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూత, పెద్ద స్టేషన్లలో తెరిచినవాటిలో ధర ఎక్కువ. ఖాళీ ప్లాస్టిక్ సీసాకు, డబ్బాకు 25 సెంట్లు తిరిగొస్తుంది, పారేయకండి.

ఇంతవరకు భయపెట్టాను గానీ పిల్లల విషయంలో బెర్లిన్ చేయి పెద్దది. కిటా, అంటే చిన్నపిల్లల బడికి 2018 నుంచి ఫీజు లేదు, భోజనానికి నెలకు 23 యూరోలే. లండన్ డే కేర్ బిల్లులతో పోలిస్తే ఆఫర్ అంకెకు ఇదొక పెద్ద అదనం. పిల్లల సంక్షేమ కార్యాలయం యూగెండ్‌ఆమ్ట్ ఇచ్చే కిటా గుట్‌షైన్ అనే పత్రం కావాలి, చేర్చే తేదీకి కనీసం రెండు నెలల ముందు దరఖాస్తు. ఇంగ్లీషు కార్యక్రమాలు, యోగా అంటూ కొన్ని కిటాలు అదనంగా అడుగుతాయి, ఇష్టం లేకపోతే ఒప్పుకోనక్కర్లేదు. ప్రభుత్వ బడిలో ఆరో తరగతి వరకు మధ్యాహ్న భోజనమూ ఉచితం.

కుటుంబానికి హాఫ్ట్‌ఫ్లిహ్ట్ బీమా, అంటే మీ వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని భరించేది, నెలకు ఆరేడు యూరోలు, తీసుకోండి. భవనం ఉమ్మడి తాళం పోగొడితే తాళాల వ్యవస్థ మొత్తం మార్చే ఖర్చు మీ మీద పడొచ్చు, పోయిన తాళాలకూ వర్తించే పాలసీయే ఎంచుకోండి. ఇంకోటి, అక్కడి తలుపు బయటివైపు తిరగని పిడి ఉంటుంది. చెత్త వేయడానికి బయటికొచ్చి తలుపు పడితే లోపలికి వెళ్లలేరు. రాత్రిపూట ఇంటర్నెట్‌లో దొరికిన తాళాలవాడు వందల యూరోలు గుంజుతాడు. పక్కింటివాళ్ల దగ్గర ఒక తాళం పెట్టండి.

మొత్తం కూడితే, వార్మ్ అద్దె 1,450 పెట్టుకుని, బట్టలు, మందులు, అప్పుడప్పుడూ బయట తిండి కలిపి నెలకు 2,500 చిల్లర. వచ్చేది కిండర్‌గెల్డ్‌తో 3,750 పైన. మిగిలేది 1,200 అటూ ఇటూ. ఫర్నిష్డ్ ఇంట్లోనే ఏడాది ఉండిపోతే అదే 450 నుంచి 850 మధ్యకు దిగుతుంది. ఇందులోంచే ఏటా హైదరాబాద్ ప్రయాణం తీయాలి. దోహా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా సెలవుల్లో ముగ్గురికి 2,500 పక్కన పెట్టండి. అమ్మానాన్నలకు పంపే డబ్బుకు రిటర్న్‌లో కొంత మినహాయింపు అడగొచ్చు, కానీ వాళ్ల ఖాతాకే బ్యాంకు ద్వారా వెళ్లాలి, వాళ్లు మీ మీద ఆధారపడ్డట్టు కాగితాలుండాలి. ఊరెళ్లినప్పుడు చేతికిచ్చిన నగదు 2025 నుంచి లెక్కలోకి రాదు.

మొదటి జీతం నెలాఖరుకు గానీ పడదు. రెండు మూడు నెలల ఫర్నిష్డ్ అద్దె, రెండు డిపాజిట్లు, ఖాళీ ఇంటికి మంచాలు, వాషింగ్ మెషీన్, దీపాలు కూడా (సీలింగ్‌లో వైర్లు మాత్రమే వేలాడుతుంటాయి), విమాన టికెట్లు కలిపి 10,000 యూరోలు అందుబాటులో లేకుండా బయల్దేరకండి. యూరో వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో అది పది లక్షల పైమాటే. అందుకే ఆఫర్ మీద సంతకం పెట్టేముందు హెచ్ఆర్‌ను జీతం 62,000 చేయమని అడగడం కన్నా, మొదటి మూడు నెలల తాత్కాలిక ఇల్లు, అది కూడా అన్‌మెల్డుంగ్‌కు పనికొచ్చేది, కంపెనీ ఖర్చుతో ఇమ్మని అడగండి. 2,000 పెంచితే పన్నులు పోను మీకు నెలకు వంద దాకా వస్తుంది. ఆ మూడు నెలల ఇల్లు ఆరు వేల యూరోల విలువ.